అడ్డరోడ్డు దగ్గర ఆగే బస్సు

సరుగుడు తోటల మలుపు తిరగగానే ఎర్ర అంచు ముక్కోణం బోర్డు కనబడింది. మధ్యలో నల్లటి కూడిక గుర్తు. ఉప్పుగాలికి అంచంతా తుప్పు పట్టింది. జ్ఞానానందం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, ఎడమ అరచెయ్యి ఇంజను మూత మీద ఆనించాడు. దాని అదురు నెమ్మదించాక గేరు ఒకటి దించాడు, కాసేపటికి ఇంకొకటి. బోర్డు దాటాక అడ్డరోడ్డు ఇంకా దూరమే. ఆ దూరమంతా బస్సు ముసలి ఎద్దులా నడిచి, కూడలి అంచుకు చేరి పూర్తిగా ఆగిపోయింది.

"హనుమయ్యా, దిగి చూడు."

క్లీనరు హనుమయ్య తువ్వాలు భుజాన వేసుకుని విసుగ్గా దిగాడు. రోడ్డు మధ్యలో నిలబడి సముద్రం వైపు ఒకసారి, రైలుకట్ట వైపు ఒకసారి చూసి రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. జ్ఞానానందానికి అది చాలలేదు. తనూ కిటికీలోంచి తల బయట పెట్టి కుడివైపు చూశాడు, ముందుకు వంగి ఎడమవైపు చూశాడు, మళ్లీ కుడివైపు చూశాడు. అప్పుడు కదిలించాడు.

తల పైన అద్దంలో వెనక సీట్ల ఆడవాళ్లు కనబడుతున్నారు. అందరి నోళ్లూ ఆడుతున్నాయి. ఎవరో టిఫిన్ క్యారియర్‌తో ముందు సీటు కమ్మీని కొడుతున్నారు. వాళ్లేమంటున్నారో ఆయనకు తెలుసు. రోజూ అనేదే.

ఆ బోర్డు అర్థం లైసెన్సు తీసుకున్నప్పటి నుంచీ తెలుసు. ముందు దారులు కలుస్తున్నాయి, నీకు కనబడనివాడు పక్క దారిలో రావచ్చు, వేగం తగ్గించి చూసుకుని పో అని. ప్రతిసారీ బండి ఆపి మనిషిని దించమని అందులో లేదు. ఇంతకుముందు ఆయనా అందరిలాగే వేగం తగ్గించి, హారన్ కొట్టి, అవతల నుంచి బదులు రాకపోతే దాటిపోయేవాడు. ఈ తోటల్లో చెట్లు రోడ్డు అంచు దాకా గోడ కట్టినట్టు ఉంటాయి. ఏ డ్రైవరైనా సగం చెవులతోనే అడ్డరోడ్డు దాటతాడు.

ఆ బదులు హారన్ జ్ఞానానందానికి వినబడటం మానేసి చాలా నెలలైంది. ముందు కుడి చెవి పోయింది. ఎడమదానిలో ఇంకా కాస్త మిగిలింది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే సగం వినబడుతుంది, మిగతా సగం పెదాలను బట్టి పట్టుకుంటాడు. ఇంజను చప్పుడు అరచేతికి తెలుస్తుంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లను ఎక్కించుకుని వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీకి చేర్చడం, సాయంత్రం మళ్లీ దింపడం ఆ బస్సు పని. దారిలో ఇలాంటి అడ్డరోడ్లు ఇంకా ఉన్నాయి. ప్రతిదాని దగ్గరా బస్సు ఆగింది. ఫ్యాక్టరీ చేరేసరికి గేటు మూసేశారు.

గూర్ఖా చెయ్యి అడ్డం ఊపాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లను మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు, ఆ పూట కూలి ఉండదు. ఆడవాళ్లు గేటు దగ్గర కాసేపు బతిమాలి, వేపచెట్టు కింద కూలబడ్డారు. రాహేలు ఒక్కతీ తిన్నగా డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు వాటి జీడికి నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. ఆ చేత్తో కిటికీ పట్టుకుని ఏదో అడిగింది. ఆమె నిలబడింది ఆయన కుడిచెవి వైపు.

జ్ఞానానందం తల ఊపాడు.

ఆమె మళ్లీ ఏదో అంది. ఆయన మళ్లీ ఊపాడు. ఆమె మొహం మారిపోయింది. ఈసారి అరిచింది కాబట్టి వినబడింది.

"మా పూట కూలి నువ్విస్తావా అని అడుగుతుంటే తల ఊపుతావేంటి బాబాయ్? ఎగతాళిగా ఉందా నీకు?"

ఆయన నోరు తెరిచేలోపు ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బస్సును నీడకు తీసి, బకెట్టుతో నీళ్లు తెచ్చి అద్దాలు కడుగుతూ కూర్చున్నాడు. కడిగిన అద్దమే మళ్లీ కడిగాడు. వేపచెట్టు వైపు చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఓనరు వెంకటకృష్ణయ్య రమ్మని కబురు పెట్టాడు. బాపట్లలో ఆయన ఇంటి అరుగు మీద వేరుశనగ బస్తాలు పేర్చి ఉన్నాయి. ఆయన పడక కుర్చీలో పేపరు చదువుతూ, దాన్ని దించకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు. పేపరు వెనక నుంచి వచ్చే మాట జ్ఞానానందానికి గొణుగుడులా ఉంది. ఎడమ చెవి అటు తిప్పి, చేతులు కట్టుకుని ముందుకు వంగాడు. ఫ్యాక్టరీ అన్న మాట దొరికింది. ఇంకో బస్సు అన్న మాట దొరికింది.

పేపరు ఒక్కసారిగా కిందికి దిగింది.

"ఏమయ్యా, అడిగినదానికి సమాధానం చెప్పవేం? ఎందుకు ఆపుతున్నావు అడ్డరోడ్ల దగ్గర?"

"అక్కడ బోర్డు ఉందండి."

"బోర్డు ఊళ్లో డ్రైవర్లందరికీ ఉంది. నువ్వొక్కడివే దిగి దణ్ణం పెట్టి పోతున్నావంట. హనుమయ్య చెప్పాడు."

జ్ఞానానందం చేతులు ఇంకా గట్టిగా కట్టుకున్నాడు.

"నీ చేతిలో ఇన్నేళ్లలో ఒక కోడి కూడా చావలేదు. నాకు తెలుసు. మరి ఇప్పుడేంటి? భయం పట్టుకుందా?"

ఆ మాట ఒక దారిలా కనబడింది ఆయనకు. "అవునండి. భయంగా ఉంటోందండి" అన్నాడు.

వెంకటకృష్ణయ్య కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "భయపడేవాడు స్టీరింగు ముట్టుకోకూడదు. ఇంకొక్కసారి గేటు పడిందని ఫోనొచ్చిందంటే తాళం ఇచ్చేసి వెళ్లిపో" అని మళ్లీ పేపరు ఎత్తాడు.

శనివారం సాయంత్రం ఆడవాళ్లు ఫ్యాక్టరీ దగ్గర బస్సెక్కుతుంటే జ్ఞానానందం మెట్ల దగ్గర నిలబడి, పొద్దున్న కాస్త ముందుగా వస్తే అందరికీ మంచిదని చెప్పి చూశాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాహేలు ఎదురుగా నిలబడే మాట్లాడింది.

"ముందుగా అంటే ఎప్పుడు బాబాయ్? కోడి కూయకముందే లేచి పొయ్యి అంటిస్తున్నాం. పిల్లలకి అన్నం మూతపెట్టి, పంపు దగ్గర కొట్లాడి నీళ్లు పట్టుకుని వస్తున్నాం. ఇంకా ముందంటే ఇక పడుకోవడం మానెయ్యాలి. నువ్వు ఆపకుండా తోలితే సరిపోయేదానికి మమ్మల్ని నిద్ర మానమంటావేంటి?"

ఆమె చెప్పిందాంట్లో తప్పులేదు. ఆయన పక్కకు తప్పుకుని వాళ్లను ఎక్కనిచ్చాడు.

ఆదివారం రేపల్లె వెళ్లాలి. ఆయన భార్య అన్నమ్మ అక్కడ పిల్లల బడిలో ఆయాగా చేస్తోంది. వారం వారం ఇంటికి వెళ్లే అలవాటు కాస్తా ఈమధ్య నెలకోసారికి వచ్చింది. బాపట్లలో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగాడు. రేపల్లె బండి ఎప్పుడూ ఆగే ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నాడు. చుట్టూ జనం ఉన్నారు. అరటిపండ్లమ్మి గంప దించుకుని పక్కనే కూర్చుంది. ఎవరో ఆయనతో ఏదో అన్నారు. నవ్వి తల ఊపాడు.

కాసేపటికి జనం లేచారు. మూటలెత్తుకుని వంతెన వైపు గబగబా నడిచారు. అరటిపండ్లమ్మి కూడా గంప నెత్తిన పెట్టుకుంది. వేరే బండి ఏదో వస్తోందనుకున్నాడు. ప్లాట్‌ఫారం దాదాపు ఖాళీ అయ్యాక ఆయనకు అనుమానం వచ్చి లేచాడు. అవతలి ప్లాట్‌ఫారం మీద రేపల్లె బండి ఉంది. వంతెన సగం ఎక్కేసరికి కదిలిపోయింది. స్తంభానికి కట్టిన మైకు వైపు చూశాడు. అది ఎంతసేపు చెప్పిందో ఏమో.

తర్వాతి బండి సాయంత్రం. అంతవరకూ ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ఆదివారం ప్రార్థనకు గుడికి వెళ్లి వస్తున్న కుటుంబాలు, సంచుల్లో పాటల పుస్తకాలతో, ఎదురుగా మాట్లాడుకుంటూ పోతున్నాయి. తను గుడికి వెళ్లడం మానేశాడు. అందరూ లేచి నిలబడ్డాక ఒక్కడే కూర్చుని ఉండటం, పాట అయిపోయాక ఒక్కడే పాడుతూ ఉండటం రెండు మూడుసార్లు జరిగాక, సిగ్గనిపించి మానేశాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అన్నమ్మ ఎందుకాలస్యమని అడగలేదు. కంచం పెట్టింది. వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతోంది. ఆమె భుజాలు కదలడాన్ని బట్టి ఏదో చెబుతోందని తెలిసింది. ఏమిటని అడిగితే, మళ్లీ అడగాలి. మూడోసారి అడిగితే ఆమె దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తుంది. "ఊఁ" అన్నాడు. ఆమె చేతిలో గరిట ఆగింది. కాసేపటికి మళ్లీ గిన్నెలు సర్దుకుంది. ఆ రాత్రే ఆఖరి బండికి ఆయన బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా రాలేదు.

బుధవారం రైల్వే గేటు పడింది. గూడ్సు ఒకటి వెళ్లాక గేటు ఎత్తుతారనుకుంటే, ఎదురు నుంచి ఇంకో బండి వస్తోందని ఎత్తలేదు. బస్సులో గొడవ మొదలైంది. గేటు లేచాక జ్ఞానానందం మంచి రోడ్డున్న చోటల్లా గట్టిగా తోలాడు. సరుగుడు తోటలు వచ్చాయి.

హనుమయ్య ముందుకు వంగి, గేరు కడ్డీ పక్కన కూర్చుని, ఎడమచెవి దగ్గర అరిచాడు. "గురువుగారూ, ఇవాళ ఆపమాకండి. ఒక్క హారన్ కొట్టి పోనివ్వండి. ఇంకా టైముంది, అందుకుంటాం."

ముక్కోణం బోర్డు వచ్చింది. జ్ఞానానందం కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. బోర్డు వెనక్కి పోయింది. ఒకసారి పోతే ఏమవుతుంది అనుకున్నాడు. రోజూ ఆపి చూస్తే ఏమీ రావటం లేదుగా. పాతికమంది ఆడవాళ్ల పూట కూలి. హారన్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. చేతికి దాని అదురు తెలిసింది గాని, చెవికి ఏమీ తెలియలేదు. రెండు పక్కలా చెట్లు. తన హారన్ తనకే వినబడలేదు.

కాలు దానంతటదే బ్రేకు మీదికి వచ్చింది. టైర్లు ఇసుకలో జారాయి. బస్సు కూడలి అంచున అడ్డదిడ్డంగా ఆగింది. నిలబడ్డవాళ్లు ముందుకు తూలిపడ్డారు. ఒక క్యారియర్ మూత ఊడి చారు నేలంతా పారింది.

రెండు వైపులా రోడ్డు ఖాళీగా ఉంది. ఏ బండీ రావడం లేదు.

అద్దంలో మళ్లీ అన్ని నోళ్లూ. జ్ఞానానందం ఇంజను ఆపేశాడు. సీటులోంచి లేచి, వాళ్ల వైపు తిరిగి, పై కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలా లేచి నిలబడటం వాళ్లెప్పుడూ చూడలేదు. ఒక్కొక్క నోరే ఆగింది.

"నాకు చెవులు వినబడవమ్మా" అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో ఆయనకు తెలియలేదు. "చాలా రోజులైంది. అవతల బండి హారన్ కొడితే నాకు తెలీదు. అందుకే ఆపుతున్నాను. మీకు కూలి పోతోందని తెలుసు. తెలిసే ఆపుతున్నాను."

హనుమయ్య తువ్వాలు చేతిలోకి తీసుకుని దాన్నే చూస్తున్నాడు. రాహేలు చారు మీద అడుగు పడకుండా చీర ఎత్తిపట్టుకుని ముందుకు వచ్చి, మెట్లు దిగింది. కూడలి మధ్యకు నడిచింది. ఆమెకు బండి తోలడం రాదు, బోర్డు సంగతీ తెలియదు. అయినా నెత్తిన కొంగు వెనక్కి తోసుకుని, చెవులు రెండూ బయటపెట్టి, అటూ ఇటూ చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత రమ్మని చెయ్యి ఊపింది.

ఫ్యాక్టరీ గేటు మూసేసే ఉంది. ఆ రోజు ఎవరూ ఆయన కిటికీ దగ్గరికి రాలేదు. వేపచెట్టు కింద అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటూ ఉన్నారు. మధ్యమధ్య బస్సు వైపు చూస్తున్నారు. పెద్దావిడ ఒకామె తన క్యారియర్‌లోంచి ఇడ్లీ రెండు ఆకులో పెట్టి హనుమయ్యతో పంపింది. జ్ఞానానందానికి కొంచెం ఆశ పుట్టింది. వీళ్లు ఓనరుతో చెప్పరేమో. ముందు సీట్లో ఎవరో ఒకరు కూర్చుని, తనకు చెవులుగా ఉంటారేమో. అలా కొన్నాళ్లు గడిచిపోతే చాలు అనుకున్నాడు.

సాయంత్రం అందరూ ఎక్కాక రాహేలు వచ్చింది. ఈసారి ఎడమవైపు నుంచి వచ్చి, ఆయనకు మొహం కనబడేలా ఇంజను మూత అంచున కూర్చుంది. ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పింది.

"బాబాయ్, మేం ఎవ్వరం ఎవ్వరికీ చెప్పం. ఒట్టు. కొందరు ముందు కూర్చుని చూసిపెడదాం అంటున్నారు కూడా."

ఆయన ఆమె పెదాల వైపే చూస్తున్నాడు.

"కానీ నేను వద్దన్నాను. పొద్దున్న నువ్వు బ్రేకు తొక్కకముందు, చాలా దూరం తొక్కలేదు. నేను చూశాను. మా కూలి కోసమే గదా తొక్కలేదు. రేపు ఇంకోరోజు ఇంకోదాని కోసం తొక్కవు. మాకు పిల్లలున్నారు బాబాయ్." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు చెడ్డోడివని అనటంలా."

"లేదమ్మా" అన్నాడు.

"వినబడిందా నే చెప్పింది?"

"మొత్తం వినబడింది."

ఆ సాయంత్రం ఆయన తోలుతున్నంతసేపూ రాహేలు సీటు వెనక నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. సరుగుడు తోటల దగ్గర బస్సు ఎప్పటిలాగే ఆగింది. హనుమయ్య దిగకముందే ఆమె చెయ్యి గట్టిగా బిగుసుకుంది. జ్ఞానానందానికి కుడివైపు చెట్లు తప్ప ఏమీ కనబడలేదు. అంతలో ఆ చెట్ల చాటు నుంచి సరుగుడు దుంగల లారీ ఒకటి, దుమ్ము లేపుకుంటూ, ఏమాత్రం నెమ్మదించకుండా, బస్సు ముందు నుంచి దూసుకుపోయింది. అది పోయాక కూడా ఆయన చాలాసేపు గేరు వెయ్యలేదు. ఆయనకు అదంతా నిశ్శబ్దంగా జరిగిపోయింది.

అందర్నీ దింపి, బస్సు కడిగి, తాళం తీసుకుని వెంకటకృష్ణయ్య ఇంటికి వెళ్లాడు. తాళం బస్తా మీద పెట్టి సంగతి చెప్పాడు. వెంకటకృష్ణయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఈసారి ఆయన నోరు మొదటి మాట నుంచీ కనబడింది.

"ముందే చెప్పొచ్చుగదయ్యా. భయమని ఎందుకన్నావు?"

"చెబితే ఉంచుకునేవారాండి?"

వెంకటకృష్ణయ్య తాళం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "కొత్త డ్రైవరొస్తే దారి చూపించు" అన్నాడు చివరికి. "అడ్డరోడ్లు ఎక్కడెక్కడున్నాయో చెప్పు."

"చెబుతానండి. ఆ సరుగుడు తోటల దగ్గర కొమ్మలు కొట్టించండి. చెవులున్నవాడికి కూడా అక్కడ రోడ్డు కనబడదు."

రెండు రోజులు కొత్త డ్రైవరు పక్కన కూర్చుని తిరిగాడు. మూడో రోజు తన ట్రంకుపెట్టె తీసుకుని రైలెక్కాడు. తెనాలిలో ఈసారి బెంచీ మీద కూర్చోకుండా టికెట్లు చూసే ఆయన ఎదురుగా నిలబడి, తనకు చెవుడని చెప్పి, రేపల్లె బండి ఎక్కడికొస్తుందో అడిగాడు. ఆయన వేలితో చూపించాడు.

మధ్యాహ్నం ఎండవేళ పెట్టెతో గుమ్మంలో నిలబడ్డ భర్తను చూసి అన్నమ్మ చేటలో బియ్యం అలాగే పట్టుకుని లేచింది. పని పోయిందనీ, ఎందుకు పోయిందనీ ఆయన నిలబడే చెప్పాడు. ఆమె చేట కింద పెట్టింది. అరుగు స్తంభం పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు.

"నాతో మాట్లాడ్డం ఇష్టంలేక అలా ఉంటున్నావనుకున్నాను" అంది.

ఆయన దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఏమన్నావు?"

ఆమె గట్టిగా అంది. పక్కింటి ఆవిడ గోడ మీంచి తొంగిచూసింది. అన్నమ్మ పట్టించుకోలేదు.

"కన్ను మసకేసిందని చెప్పాను నీకు. శుక్లం వచ్చిందన్నారు, ఆపరేషన్‌కి తోడు మనిషి కావాలన్నారు, నువ్వొస్తావా అని అడిగాను. తల ఊపావు. ఆ రోజు సంచి సర్దుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. నువ్వు రాలేదు. ఒక్కదాన్నే తెనాలి పోతే, మనిషి లేకుండా చెయ్యం అని పంపేశారు. తర్వాత రెండుసార్లు వచ్చావు, ఎందుకు రాలేదో ఒక్క ముక్క చెప్పలేదు."

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మీద పాలచుక్కలాంటి తెలుపు. ఇన్నాళ్లూ ఆమె పెదాల నుంచి తప్పించుకోవడానికి ఆ మొహం వైపే చూడలేదు.

"ఎల్లుండి పోదాం" అన్నాడు. మరికాస్త దగ్గరికి జరిగి, "ఇంకా ఏమేం చెప్పావు నాకు?" అని అడిగాడు.

"చాలా చెప్పాను."

"మళ్లీ చెప్పు."

అన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చేట ఒళ్లోకి లాక్కుని, ఎండ తన మొహం మీద పడేలా కొంచెం జరిగి కూర్చుంది. నవ్వో ఏడుపో తెలియకుండా అడిగింది.

"ఎక్కడి నుంచి మొదలెట్టమంటావు?"